అడగకుండా మొక్కిన కాళ్ళు

కిందటి వారం అత్తాకోడళ్ళిద్దరినీ కొండ నడిమధ్యన, తనిఖీ గేటు దగ్గర నిలబెట్టి వచ్చాం. లిఫ్టులు బాగుచేసే కొడుకు మూడేళ్ళ కిందట ఒక ఉదయం, ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని చెప్పి పనిముట్ల పెట్టె పట్టుకుని ఇల్లు దాటాడు. ఆ రోజు ఏ భవనంలోనూ ఏ లిఫ్టూ ఆగలేదని తర్వాత తెలిసింది. పెట్టె బస్టాండులో ఒక బల్ల కింద దొరికింది. మనిషి దొరకలేదు. అతను తిరిగి రావాలని మొక్కుకోవడానికే ఈ కొండ ఎక్కుతున్నామని కోడలు నమ్మింది. కానీ గేటు దగ్గర గుమాస్తా, "మొక్కుకోవడానికా, మొక్కు తీర్చుకోవడానికా?" అని అడిగినప్పుడు, అత్తగారు తడుముకోకుండా "తీర్చుకోవడానికి" అంది. గుమాస్తా ఇద్దరి మణికట్లకూ పసుపు పట్టీలు చుట్టాడు. మొక్కుకోవడానికి వచ్చినవాళ్ళకు తెల్లవి వేస్తున్నాడు.

గేటు దాటాక కోడలు ఏమీ అడగకుండానే మెట్లెక్కసాగింది.

అడగాలని లేక కాదు. మాట గొంతుదాకా వచ్చి, అక్కడ కూర్చుని, మళ్ళీ కిందికి దిగిపోతోంది. మూడేళ్ళుగా ఆమెకు అన్నీ అంతే. ఏడుపు వచ్చేటట్టు ఉంటుంది, రాదు. కోపం వచ్చేటట్టు ఉంటుంది, రాదు. కాలు మడిచి కూర్చుని లేచినప్పుడు పాదం మన పాదం కానట్టు ఉంటుందే, ఆ తిమ్మిరి ఒళ్ళంతా ఎక్కి అలాగే ఉండిపోయింది. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ఆమెది అద్దాలు అరగదీసే పని. తిరిగే చక్రానికి అద్దం ఆనించి, నీళ్ళ ధార కింద అంచు నున్నగా చేసి, ఫ్రేములో ఇమిడిందో లేదో దీపానికెత్తి చూడాలి. పొద్దున తొమ్మిదికి వెళితే సాయంత్రానికి చేతివేళ్ళు తెల్లగా నానిపోయి ఉంటాయి. ఆ వేళ్ళలాగే తనూ అయిపోయిందని ఒకటి రెండుసార్లు అనుకుంది. అనుకున్నందుకు బాధ కూడా కలగలేదు.

అత్తగారు ముందు నడుస్తోంది. మోకాలికి బిగించిన పట్టీ ప్రతి పది మెట్లకూ జారుతోంది. ఆవిడ ఆగి, వంగి, పైకి లాక్కుని, చేతికర్ర తాటించి మళ్ళీ కదులుతోంది. దారికి ఒక పక్క కొండ, రెండో పక్క ఇనుప కమ్మీలు, కమ్మీల అవతల పొగమంచు. ఎంత ఎక్కామో తెలియదు, ఎంత ఉందో తెలియదు.

కొండ కింది నుంచీ వాళ్ళకు తోడైన మనిషి ఒకాయన ఉన్నాడు. బడిలో డ్రిల్లు నేర్పి రిటైరయ్యాడు. మెడలో ఇంకా విజిల్ వేలాడుతూనే ఉంటుంది కాబట్టి నిన్న సాయంత్రానికల్లా దారిలో అందరికీ ఆయన విజిల్ మాస్టారైపోయాడు. ఈ కొండ ఎక్కడం ఆయనకిది పదకొండోసారి. ప్రతి మలుపు దగ్గరా నిలబడి, ముక్కుతో పీల్చండి, నోటితో వదలండి అని వచ్చేపోయేవాళ్ళందరికీ పాఠం చెబుతుంటాడు. తెల్ల పట్టీల వాళ్ళను చూసి, అంతా మంచే జరుగుతుందని దీవిస్తాడు. వీళ్ళ చేతులకున్న పసుపు పట్టీలు కంటబడగానే ఆయన ముఖం విప్పారింది.

"ఓహో, తీరిపోయిందన్నమాట. నిన్నంతా కలిసి నడిచాం, ఒక్క ముక్క చెప్పలేదే. ఏం కోరుకున్నారమ్మా?"

అత్తగారు వినబడనట్టు ముందుకు నడిచింది. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిన మనిషి ఆవిడ. అవసరమైనప్పుడు ఏ లైను ఎక్కడ తెంచాలో బాగా తెలుసు. మాస్టారు కోడలివైపు తిరిగాడు. ఆమె, నాకు తెలియదండీ అంది. ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయి, విజిల్ సర్దుకున్నాడు.

తర్వాతి మజిలీ చేరేసరికి మధ్యాహ్నమైంది. అది రేకుల కప్పు వేసిన పొడవాటి షెడ్డు. గోడల వెంబడి బల్లలు, ఒక మూల టీ కాగే పెద్ద పాత్ర, ఎక్కడ చూసినా చెప్పులు విప్పి పిక్కలు పిసుక్కునే జనం. తడిసిన రగ్గుల వాసన. కోడలు ఒక బల్ల చివర చోటు చూసి సంచులు దించింది. రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి అత్తగారి చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని అప్పుడడిగింది.

"ఏ మొక్కు తీరిందత్తయ్యా?"

అత్తగారు టీ గ్లాసు పక్కన పెట్టింది. మోకాలి పట్టీ పూర్తిగా విప్పి, ఒళ్ళో పరిచి, ముడతలు సాఫుచేసి, మళ్ళీ చుట్టుకుంది. అంతసేపూ కోడలు ఊరుకుంది. ఇంకెంతసేపైనా అలా ఊరుకోగలదని ఆవిడకూ తెలుసు.

"వాడు బతికే ఉన్నాడు," అంది అత్తగారు.

కోడలు తనకేమైనా అవుతుందేమోనని కాసేపు ఎదురుచూసింది. ఏమీ కాలేదు. బల్ల అంచున ఒక మేకు తల పైకి లేచి ఉంది. ఎవరి చీరైనా పట్టుకుని చిరుగుతుందే అనిపించింది. బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కి చూసింది. దిగలేదు.

"ఎవరు చెప్పారు?"

"వాడే. ఫోన్ చేశాడు."

ఆ తర్వాత అత్తగారు చెప్పుకుపోయింది. తల ఎత్తకుండా, టీ గ్లాసుతో మాట్లాడుతున్నట్టు చెప్పింది. మొదటిసారి ఫోన్ మోగినప్పుడు అవతల ఉలుకూ పలుకూ లేదట. పెట్టేయబోయిందట. అంతలో ఊపిరి వినిపించిందట.

"ముప్ఫై ఏళ్ళు ఈ చెవులే నాకు అన్నం పెట్టాయి. కన్నకొడుకు ఊపిరి పోల్చుకోలేనా? 'నాన్నా, నువ్వేనా?' అన్నాను. చాలాసేపటికి 'ఊ' అన్నాడు."

రెండోసారి నాలుగు మాటలు మాట్లాడాడట. గొంతు బొంగురుపోయింది. ఎక్కడో దూరంగా, సిమెంటు దుమ్ములో పని. ఎక్కడని అడిగితే చెప్పడు. ఎందుకు వెళ్ళావురా అంటే చెప్పడు. తిన్నావా అని అడుగుతాడు, మోకాలెలా ఉందని అడుగుతాడు. నెలకొకసారి, ఒక్కో నెల రెండుసార్లు చేస్తాడు. కోడలికి మాత్రం చెప్పొద్దన్నాడు. చెబితే ఇక చెయ్యనన్నాడు.

కోడలు అన్నీ విని ఒక్కటే అడిగింది. "ఎప్పటినుంచి?"

"పోయిన ఏడాది, వానలకు ముందు."

వానలకు ముందు. కోడలు ఆ మాట లోపలే రెండుసార్లు తిప్పి చూసుకుంది, దీపానికెత్తి అద్దం చూసినట్టు. ఆ ఏడాది వానలు వెలిశాక ఏటి ఒడ్డున ఎవరో దొరికారని ఆమెను మార్చురీకి పిలిచారు. అలా పిలవడం అది మొదటిసారి కాదు. అంతకుముందు ఎన్నోసార్లు వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ గుడ్డ తీయగానే కాదని తెలిసిపోయేది. ఆ రోజు అలా తెలియలేదు. ముఖం ముఖంలా లేదు. పాదాలు చూడండమ్మా అన్నారు. ఆయన ఎడమకాలి రెండో వేలికి గోరు లేదు, ఎప్పుడో లిఫ్టు తలుపు కింద పడి ఊడిపోయింది. అక్కడున్న పాదానికీ రెండో వేలికి గోరు లేదు. అదొక్కదానికే కాదు, మరో మూడు వేళ్ళకూ లేదు. నీళ్ళలో నానితే అలాగే అవుతుందన్నారు. ఇరవై నిమిషాలు ఆ పాదం ముందు నిలబడింది. చివరికి ఎత్తు సరిపోలేదు. ఆ చనిపోయిన మనిషి పొట్టి. కాదని సంతకం పెట్టి వచ్చింది.

ఆమె లోపల ఏదైనా చివరిసారిగా కదిలిందంటే అది ఆ రోజే.

"నన్ను మార్చురీకి పిలిచారు కదా, వానలయ్యాక."

"ఊ."

"మీరు గొడుగు చేతికిచ్చి పంపారు."

"ఊ."

"తిరిగొచ్చాక నన్నేమీ అడగలేదు. వేడినీళ్ళు పెట్టారు, స్నానం చేసి రమ్మన్నారు. అడిగే ధైర్యం లేక ఊరుకున్నారనుకున్నాను అత్తయ్యా. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

అత్తగారి చెయ్యి మోకాలి పట్టీ మీదే ఉండిపోయింది. పక్క బల్ల మీద ఎవరో పిల్లకు బిస్కెట్లు తినిపిస్తున్నారు. ఆ పిల్ల ప్రతి బిస్కెట్టునూ రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క వెనక్కి ఇచ్చేస్తోంది. కోడలి చూపు అటే ఉంది.

"ఆ రోజు చెప్పేద్దామనే అనుకున్నాను," అంది అత్తగారు. "నువ్వు గుమ్మంలో చెప్పులేసుకుంటున్నప్పుడు నోటిదాకా వచ్చింది. చెబితే వాడు మళ్ళీ ఫోన్ చెయ్యడు. అదొకటి." పక్కన పెట్టిన టీ గ్లాసును ఇంకాస్త అవతలికి జరిపింది. "అదొక్కటే అంటే అబద్ధం. చెబితే నువ్వు వెళ్ళిపోతావు. బతికున్న మొగుడు వద్దనుకుని పోతే, వాళ్ళమ్మని పెట్టుకుని ఎందుకుంటావు? నేనైతే ఉండను. వాడెలాగూ పోయాడు, నువ్వున్నావు. నిన్ను కూడా ఎక్కడ పోగొట్టుకుంటానోనని కడుపులోనే దాచుకున్నాను. తప్పే. ఇప్పుడేమంటావో అను."

తిట్టాలంటే కోడలికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వాళ్ళుండే మేడమీది రెండు గదులు గుర్తొచ్చాయి. ఇద్దరి మంచాల మధ్యా ఒక తెర ఉంటుంది. ఆ తెర అవతల ఈవిడ ఫోనులో చిన్నగా మాట్లాడుతుంటే, పాత ఎక్స్ఛేంజి స్నేహితురాళ్ళనుకునేది. ఒక్కోసారి ఆ ఫోన్ వంటగట్టు మీద మోగేది. దాని మీద 'గ్యాసతను' అని పేరు పడేది. "అత్తయ్యా, గ్యాసతను చేస్తున్నాడు," అని తనే పరుగున తీసుకెళ్ళి చేతికిచ్చింది. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు.

"గ్యాసతనా?" అంది.

అత్తగారు తలూపింది.

కోడలికి నవ్వొచ్చినంత పనైంది. రాలేదు.

మొక్కు సంగతి కూడా అప్పుడే బయటపడింది. కొడుకు కనబడకుండా పోయిన నెలలోనే అత్తగారు మొక్కుకుందట. వాడు ప్రాణాలతో ఉన్నాడని తెలిస్తే చాలు, నేనూ నా కోడలూ కాలినడకన కొండెక్కుతాం అని. ఒక్కదాన్నే వస్తానని మొక్కి ఉంటే ఏ సమస్యా లేకపోయేది. ఎప్పుడో వచ్చి తీర్చుకుని వెళ్ళిపోయేది.

"నిన్నొక్క మాట అడగలేదు. నీ కాళ్ళు కూడా నేనే మొక్కేశాను," అంది. "నిన్ను తీసుకురాకుండా తీరదు. తీసుకురావాలంటే చెప్పాలి. అందుకే ఏడాది దాటినా వాయిదా వేశాను. ఇక నా మోకాలు ఆగేలా లేదు."

"చెప్పకుండానే తీసుకొచ్చారుగా."

"సగం దారిలో చెబుదామనుకున్నాను. గుమాస్తా తొందరపెట్టాడు." అత్తగారు మొదటిసారి తలెత్తి కోడలి ముఖంలోకి చూసింది. "ఇంకొకటుంది, అమ్మాయ్. అదీ చెప్పేస్తాను. మేమొస్తున్నామని వాడికి చెప్పాను. ఎన్ని నెలలుగానో బతిమాలితే ఇన్నాళ్ళకు ఒప్పుకున్నాడు. రేపు పైకి వస్తానన్నాడు."

షెడ్డు బయట ఎవరో విజిల్ ఊదారు. ఎవరో ఏమిటి, మాస్టారే. కోడలు లేచి నిలబడింది. తన సంచి భుజానికి తగిలించుకుంది. అత్తగారి సంచి తీసి ఆవిడ పక్కన, చేతికందేలా పెట్టింది. మందుల డబ్బా పైజేబులో ఉందని, నీళ్ళ సీసా నింపానని, మాస్టారు మంచివాడు కాబట్టి ఆయనతో కలిసి నడవమని చెప్పింది. తను దిగిపోతానంది. గొంతు పెంచలేదు. దుకాణం నుంచి ఇంటికి బయల్దేరేటప్పుడు చెప్పినట్టు చెప్పింది.

అత్తగారు వద్దనలేదు. ఆపడానికి తనకు హక్కు లేదని ఆవిడకు తెలుసు. "జాగ్రత్తగా దిగు. కింద మెట్లు నున్నగా ఉన్నాయి," అంది.

కోడలు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"మీ ఫోనివ్వండి."

"ఎందుకు?"

"ఆయనతో ఒక్క మాట చెప్పి దిగుతాను."

ఏం చెబుతావని అత్తగారు అడగలేదు. అడిగుంటే కోడలు చెప్పేదే. ఆ పాదం సంగతి చెబుతుంది. ఇరవై నిమిషాలు ఒక పాదం ముందు నిలబడ్డానని, అది నీదో కాదో తేలడానికి అంతసేపు పట్టిందని. అంతే. ఎందుకు పోయావని అడగదు. రమ్మనదు. తిట్టదు. ఆ ఒక్కటీ అతని చెవిన పడేస్తే, దాన్ని ఇక తను మొయ్యక్కర్లేదు.

ఆ మజిలీలో ఫోన్లు పలికేది ఒక్కచోటే. షెడ్డుకు వందడుగుల దూరంలో, కమ్మీల పక్కన ఒక బల్లపరుపు బండ ఉంది. దాని మీద నిలబడితేనే సిగ్నల్. అక్కడ అప్పటికే పదిమంది వరుసలో ఉన్నారు. ఒక్కొక్కరికి రెండేసి నిమిషాలని విజిల్ మాస్టారు నిర్ణయించి, తనే పక్కన నిలబడి అమలు జరుపుతున్నాడు. కోడలు వెళ్ళి చివర నిలబడింది. బండ మీది మనిషి, కుళాయి కట్టేశారా లేదా అని ఇంట్లో ఎవరినో నిలదీస్తున్నాడు. ఆ తర్వాతామె, ఎక్కువ చెప్పడానికేం లేదు, బాగా చలిగా ఉంది, అని అదే ముక్క నాలుగుసార్లు చెప్పింది. విజిల్ మోగింది. వరుస కదిలింది. ముందున్నవాళ్ళ వీపులు చూస్తూ కోడలు చెప్పాల్సిన మాట లోపల వరసగా పేర్చుకుంది. ఎక్కడా వణుకు లేదు. గుండె కూడా మామూలుగానే కొట్టుకుంటోంది.

ఆమె వంతు వచ్చింది. బండ ఎక్కి 'గ్యాసతను' నొక్కింది. మూడుసార్లు మోగింది.

"అమ్మా," అన్నది అవతలి గొంతు. గొంతు కాదు, గుసగుస. గరగరలాడే గుసగుస. "ఎంతవరకు ఎక్కావు? మోకాలెలా ఉంది?"

కోడలు పేర్చుకున్న మాట కోసం వెతుక్కుంది. ముందు తనెవరో చెప్పాలి కదా అనిపించింది.

"నేను," అంది.

అవతల ఊపిరి వినిపించింది. ఆరేళ్ళు పక్కన పడుకుని విన్న ఊపిరి ఎలా ఉండేదా అని ఆమె గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు.

"ఓ, మీరా?" అన్నది గొంతు చివరికి. ఇప్పుడది గుసగుస కాదు. దాచుకోవడం మానేసిన మామూలు మగ గొంతు. బొంగురు లేదు. "ఆవిడ పక్కనే ఉన్నారా?"

ఆరేళ్ళ కాపురంలో ఆయన ఆమెను ఏనాడూ మీరు అనలేదు. కన్నతల్లిని ఆవిడ అనలేదు. గొంతు సంగతి దేవుడెరుగు, ఆ రెండు మాటలు చాలు.

"ఎవరు మీరు?"

"పక్కనున్నారా, చెప్పండి."

కోడలు వెనక్కి తిరిగి చూసింది. షెడ్డు బయట బల్ల మీదికి వచ్చి కూర్చుంది అత్తగారు. కర్ర రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మెడ నిక్కించి ఇటే చూస్తోంది.

"లేరు."

"ఆవిడకి చెప్పకండి. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. మొదటిసారి ఫోన్ చేసింది వేరే కబురు చెప్పడానికి. నోరు పెగల్లేదు. ఆవిడ 'నాన్నా, నువ్వేనా' అన్నారు. ఊ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు." అతను ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నేనూ మీ ఆయనా ఒకే గదిలో ఉండేవాళ్ళం."

"ఉండేవాళ్ళమంటే?"

"రేపు పైకి వస్తాను. మీ దగ్గరికే వస్తున్నాను, ఆవిడ కోసం కాదు. మీకు అప్పజెప్పాల్సినవి కొన్ని నా దగ్గరున్నాయి. ఫోన్లో చెప్పేది కాదండీ..."

గరగరమని శబ్దం వచ్చి లైను తెగిపోయింది. మళ్ళీ నొక్కింది. మోగలేదు. మాస్టారు విజిల్ నోటి దగ్గర పెట్టుకున్నాడు కానీ ఊదలేదు. ఆమె తనంతట తనే దిగేదాకా ఆగాడు.

బండకూ షెడ్డుకూ మధ్య ఉన్న వందడుగులూ ఎలా నడిచిందో ఆమెకు తెలియదు. ఉండేవాళ్ళం అన్న మాట దగ్గర ఆగిపోయింది మనసు, అవతలికి కదలడం లేదు. చేతిలో ఫోన్ జారబోతుంటే చూసుకుంది. వేళ్ళు వణుకుతున్నాయి. ఎవరి వేళ్ళో అన్నట్టు వాటివైపు చూసింది.

"తిట్టావా వాణ్ణి?" అని అడిగింది అత్తగారు.

"లేదు."

"ఏమన్నాడు?"

"రేపు పైకి వస్తానన్నారు."

అందులో అబద్ధం లేదు. అత్తగారు కళ్ళు మూసుకుని, చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆవిడ ముఖం ఒక్కసారిగా ఎంత తేలికపడిందో చూసి కోడలు చూపు తిప్పుకుంది. కిందికి దిగే దారి ఎడమవైపు ఉంది. జనం దిగుతూనే ఉన్నారు. ఆమె వంగి అత్తగారి సంచి కూడా తీసి రెండో భుజానికి వేసుకుంది.

"దిగిపోతానన్నావు?"

"లేవండి. మంచు కమ్మేలోపు చివరి మజిలీ చేరాలట."

అత్తగారు కర్ర ఆనించి లేచింది. మొదటి మలుపు దాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఇన్నాళ్ళూ ఒక్కతే దాచుకున్నది పంచుకోవడానికి మనిషి దొరికినట్టు, నెల నెలా వాడేం మాట్లాడాడో, ఎప్పుడు దగ్గాడో, ఎప్పుడు నవ్వాడో అన్నీ చెప్పుకొస్తోంది. కోడలు వెనక నడుస్తూ వింటోంది.

మెట్ల మధ్యలో ఒకచోట ఆవిడ ఆయాసం తీర్చుకోవడానికి నిలబడింది.

"మూడేళ్ళైంది. చిక్కిపోయి ఉంటాడు. అంత జనంలో, ఆ మంచులో, దూరం నుంచి నేను పోల్చుకోలేనేమో. నీ కళ్ళు మంచివి. నువ్వే ముందు చూసి వాడేనని చెప్పు, అమ్మాయ్."

కోడలు కమ్మీ పట్టుకుని ఒక మెట్టు కింద నిలబడి ఉంది.

"చెబుతానత్తయ్యా," అంది.